ఒనెజీమ్ బావ ఓటు

ఒనెజీమ్ సిర్వా లాంటి మంచివాడు లేడని మా లోయలో అందరూ అంటారు. అననివ్వండి, నాకేం పోయింది? మంచివాడికి మరదలై బతికితే తెలుస్తుంది అది ఎంత ఒళ్ళుమంటో. నా పేరు ఫ్లావీ. ఆయన భార్య ఎల్మీర్‌కి చెల్లెల్ని. బావ అమెరికాలోని మేన్ రాష్ట్ర శాసనసభలో మా ఊళ్ళ తరఫున పద్నాలుగేళ్ళు కూర్చున్నాడు. ఆయన సంగతెత్తితే జనం ఇవాళ్టికీ మా పైదారికి తారు వేయించాడనీ, బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో పిల్లలకిచ్చే బడి సెలవులు పోకుండా అడ్డుపడ్డాడనీ చెబుతారు. నాకు మాత్రం ఆయన వెయ్యని ఓటు ఒక్కటే గుర్తొస్తుంది.

మా నదికి అవతలి గట్టు కెనడా. అటు మా మేనమామలు, ఇటు మేము. రెండు గట్ల మీదా మాట్లాడేది ఫ్రెంచే, పండించేది బంగాళాదుంపలే. బడిలో మాత్రం ఇంగ్లీషు. ఆ రోజుల్లో బడి ఆవరణలో ఫ్రెంచి ముక్క నోట్లోంచి జారిందంటే పంతులమ్మ గోడవైపు తిప్పి నిలబెట్టేది. చట్టం అలా ఉండేది. ఆ పంతులమ్మ ఎవరో కాదు, మా అక్క ఎల్మీరే. సొంత చెల్లెల్నని కూడా చూడకుండా నన్నూ నిలబెట్టింది, రాక్షసి. సాయంత్రం ఇంటికొచ్చాక అదే ఫ్రెంచిలో నన్ను బుజ్జగించి జడ వేసేది. ఆవిడ చేతిలో ఇంగ్లీషు నేర్చుకోని పిల్లలు మా ఊళ్ళో లేరు, నాకే సరిగ్గా అంటలేదు.

మా పాత సభ్యుడు కాలం చేశాక ఆ సీటుకి ఎవరిని నిలబెట్టాలా అని మా చర్చి ఫాదర్ గారు తల పట్టుకుంటే, "మా ఆయన ఉన్నాడుగా" అనేసింది అక్క. ఆ ‘మా ఆయన’ అప్పుడు పొలంలో ఉన్నాడు. తను పోటీ చేస్తున్న సంగతి ఆయనకి రాత్రి భోజనాల దగ్గర తెలిసింది.

"నాకు ఇంగ్లీషు ఎక్కడొచ్చే?" అన్నాడు చెంచా కింద పెట్టి.

"ట్రాక్టరు బేరమాడినప్పుడు వచ్చిందిగా."

"బేరానికొచ్చే ఇంగ్లీషు వేరు, పోట్లాటకొచ్చే ఇంగ్లీషు వేరు."

"అయితే నాతో పోట్లాడి నేర్చుకో. ఫ్రెంచిలో ఎలాగూ గెలిచింది లేదు."

ఆ చలికాలమంతా వాళ్ళ వంటిల్లే శాసనసభ. అక్క గరిటె పుచ్చుకుని స్పీకరు. బావ లేచి నిలబడి మాట్లాడాలి. తప్పు పడితే గరిటె బల్ల మీద టంగుమనేది. "గౌరవ స్పీకరు గారూ, ఇంక నేను పోయి ఆవులకి గడ్డి వేసుకోవచ్చా?" అని ఆయన బతిమాలితే, "సభ్యుడు ముందు వాక్యం పూర్తి చెయ్యాలి" అనేది ఆవిడ. నేను పొయ్యి దగ్గర కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఆ నవ్వు మళ్ళీ నాకు రాలేదు. ఎక్కడి నుంచి వస్తుంది, ఆ ఇద్దరూ ఉండాలిగా.

ఓట్లు అడగడానికి ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. మా వాళ్ళింటికి ఎవరు వచ్చినా ముందు బక్‌వీట్ అనే గింజల పిండితో పోసిన ప్లోయ్ అట్లు పెట్టాలి, వచ్చినవాళ్ళు తినాలి. తినకపోతే అవమానం. ఒక ఇంట్లో తిని ఇంకో ఇంట్లో వద్దంటే ఆ ఇంటి ఓటు గల్లంతే. బావ కాదనకుండా అందరిళ్ళలోనూ తిన్నాడు. "సిర్వా బుర్రతో కాదు, పొట్టతో గెలిచాడు" అని ఓడినాయన చాలా ఏళ్ళు ఏడిచాడు.

గెలిచాక బావకి కొత్త బాధ మొదలైంది. సభ జరిగే నెలల్లో సోమవారం తెల్లారకుండా బయల్దేరి రాజధాని అగస్టాకి పోవాలి, మళ్ళీ శుక్రవారం చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. అంతవరకూ ఆ మనిషి పెళ్ళాం లేకుండా ఒక్క రాత్రి పడుకున్నవాడు కాదు. అక్కడ ఒక మోటల్లో గది తీసుకున్నాడు. సంచీలో బక్‌వీట్ పిండి, చిన్న కరెంటు పొయ్యి పట్టుకెళ్ళి గదిలోనే అట్లు పోసుకునేవాడు. "అగస్టా హోటళ్ళలో రొట్టె తింటే దూది నమిలినట్టుంటుందే" అని ఫోన్లో అక్కతో మొరపెట్టుకునేవాడు. మొర రొట్టె గురించి కాదని అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. "సభ్యుడు ధైర్యంగా ఉండాలి" అనేది అక్క. ఫోన్ పెట్టేసి తను కళ్ళు తుడుచుకునేది.

ఆ అట్ల వాసనకి పక్కగది మనిషి ఒకరోజు తలుపు కొట్టాడు. పేరు థర్స్టన్ పీవీ. దక్షిణాన సముద్రం వైపు సభ్యుడు. పొడుగ్గా, ఎండిపోయిన చెట్టులా ఉంటాడు. భార్య పోయింది, ఇంటి దగ్గర గొర్రెలు తప్ప ఎవరూ లేరు. ఏం తగలబెడుతున్నావయ్యా అని అడగడానికి వచ్చి, కూర్చుని తినేసి వెళ్ళాడు. అప్పటి నుంచి వారానికోసారి వచ్చేవాడు. తినడం మా బావ దగ్గర, ఓటెయ్యడం మా బావకి ఎదురు. రాష్ట్రం సొమ్ము ఖర్చయ్యే ఏ బిల్లుకైనా ఆయన బటన్ నొక్కి కాదనే ఎర్ర దీపమే వెలిగించేవాడు, ఔననే పచ్చది కాదు. పీవీ బల్ల మీద పచ్చ బటన్ తుప్పు పట్టి ఉంటుందని సభలో నవ్వుకునేవాళ్ళు.

"అలాంటివాడికి అట్లెందుకు పెడతావు బావా?" అని నేనడిగాను.

"ఆకలేసి వచ్చాడు" అన్నాడు. ఏం చెబుతాం ఈ మనిషికి.

తరవాత మా అక్కకి పక్షవాతం వచ్చింది. దుంపలు తవ్వుతున్న రోజులు. పెరట్లో బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ అలాగే కూలబడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మెల్లగా తిరిగొచ్చింది, బుద్ధి ఎప్పటిలాగే చురుగ్గా ఉంది. డాక్టరు వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగితే మాత్రం గుడ్లప్పగించి చూసింది. మళ్ళీ అడిగాడు. అక్క నా వైపు తిరిగి, "ఏమంటున్నాడే?" అంది ఫ్రెంచిలో. ముప్ఫై ఏళ్ళు ఊరంతటికీ ఇంగ్లీషు నేర్పిన మనిషి తలలో ఒక్క ఇంగ్లీషు మాట మిగల్లేదు. డాక్టరు అలా జరుగుతుందన్నాడు, ముందు నేర్చింది మిగిలి తరవాత నేర్చింది పోతుందన్నాడు.

ఆ చలికాలం బావా నేనూ కలిసి ఇంట్లోనే చూసుకున్నాం. ఇద్దరం పట్టి లేపితే గాని లేవలేదు. వీపంతా పుళ్ళు పడ్డాయి, మింగింది ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం వచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే దక్కదని డాక్టరు తెగేసి చెప్పాడు. రాత్రీ పగలూ నర్సులుండే చోటు కావాలి. మా లోయలో అప్పుడు అలాంటిది లేదు. ఖాళీ మంచం దొరికిన దగ్గరి చోటు బ్యాంగర్ పట్నానికి అవతల, కారులో సగం రోజు ప్రయాణం. బావ ఆవిడని దుప్పట్లో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఆవిడ, "ఎన్నాళ్ళు?" అని అడుగుతూనే ఉంది.

అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. శుభ్రంగా చూసేవాళ్ళు. కానీ ఒక్కరికీ ఫ్రెంచి రాదు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు చూశాను: అక్క మంచినీళ్ళు అడిగింది, నర్సు నవ్వి దుప్పటి కప్పింది. మళ్ళీ అడిగింది, కిటికీ మూసింది. మూడోసారి అడగలేదు. నేను నీళ్ళు పట్టి ఇస్తే గడగడా తాగి, "ఫ్లావీ, ఇక్కడ నేను గోడవైపు తిరిగి నిలబడ్డట్టుందే" అంది. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను.

అప్పుడు బావ తన బిల్లు పెట్టాడు. పద్నాలుగేళ్ళలో ఆయన ప్రాణం పెట్టి పట్టుకున్నది అదొక్కటే. మా చర్చి పక్కన నది ఒడ్డున ఒకప్పుడు సిస్టర్లుండే కాన్వెంటు ఖాళీగా పడి ఉంది. పెద్ద కట్టడం, గోడలు గట్టివి, పైకప్పు మాత్రం కారుతుంది. దాన్ని బాగుచేసి ముసలివాళ్ళ ఆసుపత్రి చెయ్యాలి, అందులో పనిచేసేవాళ్ళకి ఫ్రెంచి వచ్చి ఉండాలి. అంతే బిల్లు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి కాళ్ళకి చక్రాలు కట్టుకుని బల్లబల్లకీ తిరిగాడు. మిల్లు ఊళ్ళవాళ్ళని అడిగాడు, దీవుల వాళ్ళని అడిగాడు. శుక్రవారం తిరుగు దారిలో అక్క దగ్గర ఆగేవాడు. ఆవిడ నమస్కారమైనా చెప్పనిచ్చేది కాదు.

"ఎంతవరకు వచ్చింది?"

"కమిటీ దాటింది."

"నీ ఉపన్యాసం వినిపించు."

మంచం పక్కన లేచి నిలబడి ఇంగ్లీషులో వినిపించేవాడు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా తల ఊపుతూ వినేది. చివర, "చేతులు జేబులో పెట్టకు" అనేది.

సభలో ఓటింగు రోజున నేను చూసి తీరాలని బస్సెక్కి ముందురోజే అగస్టా చేరాను. మరుసటి ఏడు మార్చి నెల. రాత్రి బావ గదిలో అట్లు పోస్తున్నాను. ఆయన మంచం మీద కూర్చుని వేళ్ళు మడుస్తూ, "గట్టున పడతామే ఫ్లావీ. నాలుగు ఓట్లు ఎక్కువే ఉన్నాయి" అన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో. "మే నెలలో పని మొదలుపెడితే మళ్ళీ చలి వచ్చేలోగా మీ అక్క ఇక్కడుంటుంది" అన్నాడు. ఇక్కడ అన్నాడు, అగస్టాలో కూర్చుని. ఆయనకి ఇక్కడ అంటే ఎప్పుడూ మా లోయే.

అంతలో తలుపు చప్పుడైంది. పీవీ. కోటు వేసుకుని, కారు తాళాలు చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పాడు. బావ ఏదో అడిగాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. మనిషి చలిలో పోతున్నాడు కదా అని నేనే రెండట్లకి వెన్న రాసి, చుట్టి, కాగితంలో పెట్టి ఇచ్చాను. "దేవుడా, నా చేత్తో నేను" అని ఇప్పటికీ అనుకుంటాను.

తెల్లారి లేచేసరికి మంచు కుమ్మరిస్తోంది. గ్యాలరీలో నా సీటు వెతుక్కుని కూర్చున్నాను. కింద బావ కొత్త టై కట్టుకుని, మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. కొండ ప్రాంతం నుంచి రావాల్సిన మనవైపు సభ్యులు దారి మూసుకుపోయి రాలేదు. ఇంకొకాయన రాత్రికి రాత్రి మనసు మార్చుకున్నాడట. స్పీకరు సుత్తి కొట్టి బిల్లు పేరు చదివాడు. వాయిదా వెయ్యమని ఎవరో అడిగితే కుదరదన్నాడు. ఇక బటన్లు నొక్కడమే.

అప్పుడు బావ లేచి నిలబడ్డాడు. చేతులు జేబులో లేవు. ఒకటి రెండు వాక్యాలు మాట్లాడాడు. ఎవరో "అయ్యో" అన్నట్టు వినిపించింది. స్పీకరు ఆయన్ని కాసేపు చూసి సరేనన్నాడు. బావ కూర్చున్నాడు. గోడ మీద పెద్ద పలక ఉంది, ఒక్కో సభ్యుడి పేరు పక్కన ఒక్కో దీపం. పచ్చవి వెలిగాయి, ఎర్రవి వెలిగాయి. నేను సిర్వా అన్న పేరు వెతికాను. దాని పక్కన ఏ దీపమూ లేదు.

పచ్చవీ ఎర్రవీ సమానమయ్యాయి. సమానమైతే బిల్లు పోయినట్టే.

మెట్లు దిగి పరిగెత్తాను. వరండాలో ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నీ దీపం ఎందుకు వెలగలేదు? మిషను పాడైందా?"

"లేదే. జోడీ కట్టాను."

"జోడీ ఏమిటి?"

"అవతలివైపు మనిషికి ఏదైనా అవసరం వచ్చి ఊరెళ్ళాల్సి వస్తే, ఇవతలి మనిషి కూడా ఓటు ఆపుకుంటాడు. ఆయన ఓటూ నా ఓటూ చెల్లుకి చెల్లు. ఇది సభలో మామూలే. రేపు నాకు అవసరమైతే నాకు ఇంకొకరు కడతారు."

"ఎవరితో కట్టావు?"

నా మొహం చూసి చెప్పక తప్పదనుకున్నాడు. "రాత్రి నువ్వు అట్లిచ్చినాయనతో. గొర్రెలు ఈనుతున్నాయట. ఒక దానికి పిల్ల అడ్డం తిరిగిందని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు."

"గొర్రెలా!" అని అరిచాను. వరండాలో అందరూ తిరిగి చూశారు. "గొర్రెల కోసం మా అక్కని అమ్ముకున్నావా?"

"రాత్రి మనకి ఓట్లు ఎక్కువే ఉన్నాయి ఫ్లావీ. ఒకటి తగ్గినా ఏమీ కాదనుకున్నాను. ఇలా మంచు పడుతుందని నాకేం తెలుసు?"

"పొద్దున తెలిసిందిగా! మీరిద్దరూ చేతులు కలిపిన సంగతి ఇక్కడ ఎవరికి తెలుసు?"

"ఆయనకీ నాకూ."

"ఆయన ఇక్కడ లేడుగా!"

"అందుకే" అన్నాడు బావ.

మర్నాడు శుక్రవారం. దారులు తెరిచారు. బావ సామాను తీసుకోవడానికి సభకి వెళ్తే నేనూ వెళ్ళాను. ఎదురుగా పీవీ వస్తున్నాడు, కోటుకి గడ్డిపరకలు అంటుకుని, నిద్రలేక కళ్ళు ఎర్రగా. ఆయనకి అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. మా ముందు ఆగాడు. నేను ఊరుకుంటానా! నా దగ్గరున్న ఫ్రెంచి తిట్లన్నీ వరసపెట్టి దులిపేశాను. నీ గొర్రెల మంద మందంతా మట్టి కొట్టుకుపోను, నీకు ముసలితనంలో నీళ్ళిచ్చేవాడు లేకపోను, నీకు పెట్టిన అట్లు నీ గొంతులో అడ్డం పడను అన్నాను. ఆయన తెల్లమొహం వేసుకుని బావ వైపు చూశాడు.

బావ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆ మాత్రం నాకు అర్థమైంది. గొర్రెలు ఎలా ఉన్నాయని అడుగుతోంది, అన్నాడు.

పీవీ టోపీ తీసి నాకు తల వంచాడు. తల్లి పోయింది గాని పిల్ల బతికిందన్నాడు. తరవాత బావతో మెల్లగా ఇంకో మాట అన్నాడు. కారెక్కాక అడిగితే బావ చెప్పాడు: "‘నేనిక్కడే ఉన్నా కాదనే ఓటేసేవాణ్ణి ఒనెజీమ్. నీకు అబద్ధం చెప్పలేను’ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"తెలుసన్నాను."

ఇద్దరికీ ఇద్దరూ సరిపోయారు. బ్యాంగర్ దాకా నా నోరు ఆగలేదు. ఇప్పుడేం చెబుతావు దానికి, ఏ మొహం పెట్టుకుని ఆ గదిలోకి వెళ్తావు, మళ్ళీ సభ కూడి మళ్ళీ బిల్లు పెట్టేసరికి అది బతికుంటుందా అని సతాయించాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఒక్కసారి మాత్రం చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు నేను నోరు మూసుకున్నాను.

అక్క దిండుకి ఆనుకుని తలుపు వైపే చూస్తోంది. పొద్దున్నించీ అలాగే ఉందని నర్సు సైగ చేసింది. మమ్మల్ని చూడగానే మొహం విప్పారింది. నన్ను కూడా వెంటపెట్టుకొచ్చాడంటే శుభవార్తే అనుకుంది కాబోలు.

"ఏమైంది?" అంది.

బావ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆవిడ ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"పాసైంది" అన్నాడు.

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. అక్క ఏడ్చింది, నవ్వింది, నన్ను పిలిచి ముద్దు పెట్టుకుంది. "నేను చెప్పలే? పోట్లాట నేర్పింది నేను" అంది. బావ, "నువ్వే" అన్నాడు. ముందురోజు ఎవరూ చూడకపోయినా మాట తప్పని మనిషి, పెళ్ళాం కళ్ళలోకి చూస్తూ నిండు అబద్ధం ఆడాడు.

బయటికొచ్చాక నేను ఆయన్ని కడిగిపారేశాను. "నిన్న ఆ మాట తప్పి ఉంటే ఇవాళ ఈ అబద్ధం ఆడక్కర్లేదుగా! ఆ ఎముకల పోగు పీవీకి నిజం, నా అక్కకి అబద్ధమా? నేను మాత్రం ఇందులో చెయ్యి పెట్టను. అడిగితే నిజమే చెబుతాను" అన్నాను.

"చెప్పు. నేను అడ్డుపడను" అన్నాడు. అలా అనేసరికి ఇంకా ఒళ్ళు మండింది.

ఆ వేసవిలో బావ మళ్ళీ పోటీకి పేరు ఇవ్వలేదు. ఫాదర్ గారు చెప్పారు, ఊరు ఊరంతా వచ్చి చెప్పారు, వినలేదు. పొలం మేనల్లుడికి అప్పజెప్పి, ఆవుల్ని అమ్మేసి, బ్యాంగర్ అవతల అక్క ఉన్న ఆసుపత్రికి ఎదురుగా ఒక మేడ మీద గది అద్దెకి తీసుకున్నాడు. అదే ఆసుపత్రి వంటింట్లో కూరలు తరిగే పనికి కుదిరాడు. పద్నాలుగేళ్ళు సభలో కూర్చున్న మనిషి పొద్దున్నే బంగాళాదుంపలు చెక్కు తీసి, పనవగానే ఆప్రాన్ విప్పి పెళ్ళాం గదికి వెళ్ళేవాడు. నీళ్ళంటే నీళ్ళని, చలంటే చలని నర్సులకి చెప్పేవాడు. మా లోయ నుంచి వచ్చి ఆ ఆసుపత్రిలో పడున్న మిగతా ముసలివాళ్ళు కూడా ఆయన్నే పిలిచేవాళ్ళు. అందరికీ మాట ఆయనే అయ్యాడు. ఇంటి మీద బెంగతో చిక్కి సగమయ్యాడు. "ఇక్కడి దుంపలు మనవి కావే ఫ్లావీ, ఉడకవు" అనేవాడు నాతో.

అక్కకి మాత్రం కబుర్లు నడుస్తూనే ఉన్నాయి. కాన్వెంటు లోపల గోడలు గీకారు, పైపులు వేశారు, మంచాలు వచ్చాయి అంటూ. మా ఊరి నుంచి చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి బావ గుమ్మంలోనే చెప్పి పంపేవాడు, వాళ్ళూ తలో మాటా కలిపేవాళ్ళు. నేను ఒక్కదాన్నే కలపలేదు. పక్కింటి పెళ్ళి గురించో, నా మోకాళ్ళ గురించో మాట్లాడి వచ్చేసేదాన్ని. దారిలో బస్సు కాన్వెంటు ముందు నుంచే పోతుంది. కిటికీలకి చెక్కలు కొట్టి ఉంటాయి. అటు చూడకుండా తల తిప్పుకునేదాన్ని.

అక్టోబరులో, మా ఊళ్ళో దుంపలు తవ్వడం ముగిశాక వెళ్ళాను. బావ ఇంకా వంటింట్లోనే ఉన్నాడు. అక్క బాగా నీరసించింది. జ్వరాలు మళ్ళీ మొదలయ్యాయి. నన్ను మంచం మీద కూర్చోమంది. తలుపు వెయ్యమంది.

"ఫ్లావీ, మీ బావకి నన్ను సంతోషపెట్టాలని ఆరాటం. మిగతావాళ్ళు ఆయన చెప్పమన్నది చెబుతారు. నువ్వు మొహమాటానికి మాట్లాడే రకం కాదు. చిన్నప్పుడు గోడవైపు నిలబెట్టినా, ఫ్రెంచి మాట్లాడలేదని ఒక్కసారి బొంకలేదు. నువ్వు చెప్పు."

"ఏం చెప్పమంటావు?"

"కప్పు వేశారా?"

నిజం నా నాలిక చివరే ఉంది. మార్చి నుంచీ అక్కడే ఉంది. అక్క వేళ్ళు నా వేళ్ళని పట్టుకున్నాయి, పసిపిల్ల పట్టుకున్నంత బలం కూడా లేదు. నన్ను దాటి ఎటో చూస్తోంది, ఆ చూపు నేనెరుగుదును. బావ అగస్టా నుంచి ఫోన్ చేసినప్పుడు గోడ వైపు అలాగే చూసేది.

"వేశారక్కా" అన్నాను.

"రేకా, చెక్కా?"

"రేకు. ఎర్ర రేకు."

"మంచు నిలవదు."

"నిలవదు. జారిపోతుంది."

"నా మంచం ఎటు వేశారు?"

"నది వైపు. నేనే దగ్గరుండి వేయించాను. వాళ్ళు గోడ వైపు వేస్తామంటే పోట్లాడాను."

అక్క కళ్ళు మూసుకుని నవ్వింది. తలుపు మెల్లగా తెరుచుకుంది. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతులు తడిగా, ఆప్రాన్ విప్పకుండా. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు. ఇప్పుడు ఏదో అంటాడనుకున్నాను, దెప్పుతాడనుకున్నాను. వచ్చి మంచానికి అవతల కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊరి నుంచి వచ్చిన మనిషి కబురు కోసం కూర్చున్నట్టు నా వైపు చూశాడు.

"ఇంకా ఏం కట్టారు ఫ్లావీ? చెప్పు" అన్నాడు.

నేను ముక్కు తుడుచుకుని, వరండా గురించి మొదలుపెట్టాను.